కాటా అంకె కంప్యూటరుకు చేరే దారి
(పాల కేంద్రం లైనక్స్ ప్రోగ్రాముకు బయటి బ్లూటూత్ లైబ్రరీని కలపడం - పాఠం)



పాల కేంద్రంలో పాలు పోసే ప్రతి పూటా మీరు కొన్ని అంకెలు చూస్తారు. కాటా మీద తూకం ఒకటి. పాల పరీక్ష యంత్రం మీద వెన్న శాతం ఒకటి. దాని పక్కనే ఎస్.ఎన్.ఎఫ్., అనగా వెన్న కాని ఘన పదార్థాల శాతం. ఆ తరువాత మీ చేతికి చీటీ వస్తుంది. యంత్రం మీద కనిపించిన అంకే చీటీ మీదికి వచ్చిందా, లేక మధ్యలో ఎవరి చేతి మీదుగానైనా వచ్చిందా అన్నది మనలో చాలామంది అడగని ప్రశ్న. ఈ పాఠం దాని గురించే.

గెర్బర్ పద్ధతి ఒక్కటే ఉన్న రోజులలో ఈ ప్రశ్న ఇంతగా లేదు. గొట్టంలో 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. ఎమైల్ ఆల్కహాలు పోసి, యంత్రంలో వేసి తిప్పిన తరువాత వెన్న ఎంతవరకు తేలిందో గొట్టం మీద గీతలే చెప్పేవి. నమ్మకం లేనివారు గొట్టం అందుకుని చూసుకునేవారు. నేటి యంత్రం ఒక నిమిషం అటూ ఇటూగా శాతం చెప్పేస్తుంది. కాని ఆ అంకె కంప్యూటరులోకి పోవాలి, ధర పట్టికతో కలవాలి, బిల్లు కావాలి. ఆ దారిలో మనిషి వేలు ఎంత తక్కువగా పడితే తగవు అంత తక్కువ.

ఒక చిన్న లెక్క చూద్దాం. కిలో వెన్నకు 800 రూపాయలు ధర అనుకోండి (ఇది లెక్క కొరకు పెట్టుకున్న అంకె మాత్రమే). ఒక సభ్యురాలు 5 కిలోల గేదె పాలు పోసింది. వెన్న 7.2 శాతం. వెన్న బరువు 360 గ్రాములు, సొమ్ము 288 రూపాయలు. టైపు చేసేటప్పుడు 7 బదులు 6 పడితే వెన్న 310 గ్రాములు, సొమ్ము 248 రూపాయలు అవుతుంది. ఒక్క పూటకు, ఒక్క మీటకు 40 రూపాయలు పోయాయి. మోసం ఎవరూ చేయలేదు, నష్టం మాత్రం ఆమెదే.

అందుచేత కాటాను, పరీక్ష యంత్రాన్ని కంప్యూటరుకు నేరుగా కలపాలి. మొదట్లో ఈ పని తీగలతో చేశారు. పాల కేంద్రం నేల రోజుకు రెండుసార్లు కడుగుతారు, క్యాన్లు దొర్లుతాయి, రాత్రిళ్ళు ఎలుకలు తిరుగుతాయి. తీగ ఎన్నాళ్ళుంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అందుకని కొన్ని కేంద్రాలు బ్లూటూత్‌కు మారుతున్నాయి. స్వీడన్‌లోని ఎరిక్సన్ కంపెనీలో 1994లో మొదలైన పని ఇది. 1998లో కొన్ని కంపెనీలు కలిసి దీనికొక సంఘం పెట్టుకున్నాయి. పదవ శతాబ్దంలో డెన్మార్కును ఏలిన హెరాల్డ్ అనే రాజు మారుపేరే బ్లూటూత్. మన జేబులోని ఫోనులో ఉన్నదీ ఇదే. కేంద్రం గది పాటి దూరానికి ఇది బాగానే సరిపోతుంది.

కంప్యూటరు వైపు చాలా చోట్ల లైనక్స్ ఉంటుంది. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఈ వ్యవస్థకు వెల లేదు, లోపల ఏముందో ఎవరైనా చూడవచ్చు. మన భాషలో లైనక్స్‌ను అందించడానికి హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ వారు చేసిన కృషి కొందరికి తెలిసే ఉంటుంది. లైనక్స్‌లో బ్లూటూత్ మాట్లాడే భాగం పేరు బ్లూజ్. అది 2001లో బయటకు వచ్చి, ఆ ఏడాదే లైనక్స్ కెర్నల్‌లో చేరింది.

ఇక అసలు సంగతి. మన సంఘాల పిల్లలు కొందరు డిప్లొమాలు, ఇంజనీరింగులు చదివి కేంద్రానికి పనికివచ్చే ప్రోగ్రాములు తామే రాస్తున్నారు. మంచిదే. కాని వారు తరచు చిక్కుకునే చోటు ఒకటుంది. ఒక వేసవి సాయంత్రం కోరుకొండ వైపు ఒక కేంద్రంలో నేనే చూశాను. కరెంటు వచ్చి పోయి, వచ్చి పోయి, చిన్న కంప్యూటరులోని మెమరీ కార్డు పాడయింది. కుర్రవాడు తెలివైనవాడు. కొత్త కార్డులో లైనక్స్ వేసి, తన ప్రోగ్రామును ల్యాప్‌టాప్ నుంచి తెచ్చి పెట్టాడు. అయిదున్నరకు వరుస కట్టారు. ప్రోగ్రాము తెరుచుకోలేదు. తెర మీద ఒక్క ఇంగ్లీషు ముక్క: లిబ్‌బ్లూటూత్ అనే ఫైలును తెరవలేకపోతున్నాను అని.

"నిన్నటిదాకా పనిచేసింది కదండి," అన్నాడు కుర్రవాడు.

"నిన్నటి కార్డు ఏదయ్యా మరి?" అన్నారు వెనక నుంచి ఒక పెద్దాయన. సమస్య మొత్తం ఆ మాటలోనే ఉంది. అది తరువాత గాని మాకు తెలియలేదు.

ఆ పూట అంకెలన్నీ చేత్తో టైపు చేశారు. పైన చెప్పిన 7.2, 6.2 తగవు అప్పటిదే. రెండు రోజులు నడిచింది. ఆమె తన పాస్‌ పుస్తకం తెచ్చి పాత పూటలు చూపిస్తే తప్ప తేలలేదు.

లైబ్రరీ అంటే ఏమిటి?

ప్రోగ్రాము రాసేవారు ప్రతి పనీ తామే రాయరు. బ్లూటూత్ యంత్రాన్ని వెతకడం, దాని చిరునామాను కంప్యూటరు భాషలోకి మార్చడం వంటి పనులు వేరే వారు ముందే రాసి, ఒక మూటగా కట్టి పెట్టారు. ఆ మూటే లైబ్రరీ. మన ప్రోగ్రాములో పుట్టినది కాదు కనుక బయటి లైబ్రరీ అంటారు.

దీనిని పశువుల ఆసుపత్రితో పోల్చి చూడండి. మన సంఘానికి సొంత వైద్యుడు లేరు. ఆసుపత్రి గోడ మీద సేవల బోర్డు ఉంటుంది: టీకాలు, కృత్రిమ గర్భధారణ, చూలు పరీక్ష. బోర్డు చదివి, ఈ పని అక్కడ అవుతుందని మనం రాసుకుంటాం. ఇది మొదటి మెట్టు. రెండవ మెట్టులో, బోర్డు మీద రాసిన మనిషి నిజంగా లోపల ఉన్నారా అని తలుపు తట్టి ఖాయం చేసుకుంటాం. మూడవది, గేదెకు జబ్బు చేసిన రోజు. ఆ రోజు ఆ మనిషి ఊళ్ళో ఉండాలి.

లైబ్రరీకి కూడా సరిగ్గా ఈ మూడు మెట్లే. బోర్డు వంటిది హెడర్ ఫైలు. ప్రోగ్రామును తర్జుమా చేసే కంపైలర్ బోర్డును మాత్రమే చదివి, నమ్మి, ముందుకు పోతుంది. తలుపు తట్టేది లింకర్. పేరు పేరునా మనిషి ఉన్నాడా అని చూస్తుంది. జబ్బు చేసిన రోజు అంటే కేంద్రంలో ప్రోగ్రాము నడిచే పూట. అప్పుడు లోడర్ అనేది లైబ్రరీని వెతికి తెచ్చి జత చేస్తుంది. మూడు మెట్లకు మూడు వేరు వేరు తప్పులు, మూడు వేరు వేరు మందులు. ఒకదాని మందు మరొకదానికి వేయడం వల్లనే పిల్లలు రాత్రంతా కూర్చుంటారు.

మెట్టు మెట్టుగా

ఇకపై వచ్చే పేర్లను పలికినట్లు రాస్తున్నాము. కంప్యూటరులో వాటిని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాలి.

మొదటి మెట్టులో వచ్చే తప్పు "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని, పక్కన బ్లూటూత్ హెడర్ పేరుతో కనిపిస్తుంది. బోర్డే లేదని అర్థం. డెబియన్, ఉబుంటు రకాల లైనక్స్‌లలో లిబ్‌బ్లూటూత్-డెవ్ అనే ప్యాకేజీ వేసుకోవాలి. ఫెడోరాలో దాని పేరు బ్లూజ్-లిబ్స్-డెవెల్. ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. కంప్యూటరులో బ్లూటూత్ పనిచేస్తున్నది, ఫోను జత అవుతున్నది, కనుక లైబ్రరీ ఉన్నట్లే అనుకుంటారు. కాదు. బ్లూటూత్‌ను నడిపే సేవ వేరు, ప్రోగ్రాములు రాసుకునే లైబ్రరీ వేరు. 2012 డిసెంబరులో వచ్చిన బ్లూజ్ 5 నుంచి, బ్లూజ్‌ను మూలం నుంచి కట్టుకునేవారు ప్రత్యేకంగా అడిగితే తప్ప లైబ్రరీ రాదు.

రెండవ మెట్టు తప్పు "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్". బోర్డు మీద పేరుంది, తలుపు తీసేవారు లేరు. లింకరుకు ఏ ఇంటికి పోవాలో మనం చెప్పలేదన్న మాట. జీసీసీ ఆజ్ఞ చివర ఒక హైఫన్, దానికి అంటించి చిన్న ఎల్ అక్షరం, దానికి అంటించి బ్లూటూత్ అని రాయాలి. ముందున్న లిబ్ అన్న ముక్క రాయరాదు. దానిని లింకరే చేర్చుకుంటుంది. చివర అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. లింకర్ ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. మన ఫైలు కంటే ముందే లైబ్రరీ పేరు వస్తే, ఆ సమయానికి ఎవరూ ఏమీ అడగలేదు కనుక దానిని పక్కన పెట్టేస్తుంది. కొన్ని రకాల లైనక్స్‌లలో ముందు రాసినా జరిగిపోవచ్చు. ఉబుంటులో జరగదు. ఒక చోట జరిగింది కదా అని అలవాటు చేసుకుంటే రెండవ కేంద్రంలో దెబ్బ తింటాము.

మేక్ ఫైలు వాడేవారు ఈ మాటను ఎల్‌డీలిబ్స్ అన్న వరుసలో రాయాలి. ఎల్‌డీఫ్లాగ్స్ అన్న వరుసలో రాస్తే మళ్ళీ ముందుకు పోతుంది. సీమేక్ వాడేవారు టార్గెట్ లింక్ లైబ్రరీస్ అన్న చోట బ్లూటూత్ పేరు చేర్చాలి. ఇంటి దారి గుర్తుండని వారు ప్యాకేజీ-కాన్ఫిగ్ సాధనాన్ని అడగవచ్చు. పీకేజీ-కాన్ఫిగ్ అని కొట్టాలి. దానికి చెప్పవలసిన పేరు మాత్రం బ్లూజ్, బ్లూటూత్ కాదు.

మరొక చిక్కు. ల్యాప్‌టాపులు ఎక్కువగా ఇంటెల్ రకం. కేంద్రంలోని చిన్న కంప్యూటరు, రాస్‌బెర్రీ పై వంటిది, ఆర్మ్ రకం. ఒకదాని లైబ్రరీ రెండవదానికి అతకదు. ల్యాప్‌టాపులో కూర్చుని ఆర్మ్ కోసం ప్రోగ్రాము కట్టేవారు ఆర్మ్ రకం లైబ్రరీనే తెచ్చుకోవాలి. లేకుంటే "స్కిప్పింగ్ ఇన్‌కంపాటిబుల్" అని లింకర్ ఆ మూటను దాటిపోతుంది. నన్నడిగితే, ఒక చిన్న పాల కేంద్రం ప్రోగ్రాముకు అంత శ్రమ ఎందుకు? కేంద్రంలోని కంప్యూటరు మీదనే కట్టడం మేలు. పది నిమిషాలు ఆలస్యమైతే ఏమీ మునగదు.

మూడవ మెట్టు ఆ సాయంత్రం జరిగినది. ప్రోగ్రామును ల్యాప్‌టాపులో సక్రమంగానే కట్టారు. కాని లైబ్రరీ ప్రోగ్రాము లోపలికి పోలేదు, దాని పేరు మాత్రమే పోయింది. పాత కార్డులో ఎప్పుడో వేసిన లైబ్రరీ ఉండేది. కొత్త కార్డులో లేదు. డెబియన్ రకాలలో నడిచే పూటకు కావలసిన ప్యాకేజీ పేరు లిబ్‌బ్లూటూత్3. డెవ్ అన్నది కట్టేవారికి, ఈ 3 అన్నది నడిపేవారికి. ఏ ప్రోగ్రాముకు ఏ లైబ్రరీలు కావాలో ఎల్‌డీడీ అనే ఆజ్ఞ వరుసగా చెబుతుంది. ఎక్కడైనా "నాట్ ఫౌండ్" అని కనిపిస్తే అది సాయంత్రం పాల వేళకు కాక మధ్యాహ్నమే కనిపించాలి. ఆ కుర్రవాడు ఒక్కసారి ఎల్‌డీడీ కొట్టి చూసి ఉంటే వరుసలో నిలబడినవారికి ఈ బాధ లేకపోను.

అసలు లైబ్రరీ అవసరమెంత?

ఇది కూడా అడగవలసిన ప్రశ్నే. కాటా నుంచి అంకెలు చదవడానికి వాడే దారిని ఆర్‌ఎఫ్‌కామ్ అంటారు. పాత తీగ చేసే పనినే ఇది గాలిలో చేస్తుంది. ఆ దారి తెరిచేది కెర్నల్, లైబ్రరీ కాదు. లైబ్రరీ మనకు చేసేది చిన్న చిన్న సాయాలు. ఉదాహరణకు, కాటా చిరునామా ఆరు జతల అక్షరాలుగా ఉంటుంది. దానిని ఆరు బైట్లుగా, తిరగేసిన వరుసలో పెట్టాలి. ఎస్‌టీఆర్2బీఏ అనే పని దీనికే ఉంది. "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" ఎక్కువగా కనిపించేది ఈ పేరు పక్కనే. చుట్టుపక్కల యంత్రాలను వెతికే పనులు కూడా లైబ్రరీవే.

కాని పాల కేంద్రంలో వెతకడం అవసరమా? కాటా ఒకటి, పరీక్ష యంత్రం ఒకటి. వాటి చిరునామాలు మారవు. ప్రతి పూటా వెతకమంటే వరుసలో ఉన్న ప్రతివారి ఫోనూ జాబితాలోకి వస్తుంది. ఫాల్గుణ మాసంలో కోరుకొండ నరసింహస్వామి కల్యాణానికి వచ్చే జనం మధ్య రోడ్డు పక్క కేంద్రంలో వెతికి చూడండి, జాబితా తెర దాటిపోతుంది. చిరునామాను ఒకసారి రాసి పెట్టుకుని, దానినే పిలవడం మంచిది. లేకుంటే పేరు కలిసినది కదా అని పక్క కౌంటరు కాటాకు తగులుకునే ప్రమాదముంది. అసలు కలవకపోవడం కంటే తప్పు కాటాకు కలవడం చాలా చెడ్డది. ఎందుకంటే అంకె వస్తూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

కొత్తగా రాసేవారికి మరొక మాట. బ్లూజ్ వారు తమ సేవను డీబస్ అనే మార్గంలో పిలవమని ప్రోత్సహిస్తున్నారు. ఆ దారిన పోతే ఈ లైబ్రరీతో పని తప్పుతుంది. ఇప్పటికే నడుస్తున్న ప్రోగ్రామును మాత్రం ఇందుకోసమే విప్పి కట్టనక్కరలేదు. అది దేని మీద ఆధారపడి ఉన్నదో కాగితం మీద రాసి గోడకు అతికిస్తే చాలు.

యంత్రం కొనే ముందు పాలకవర్గం ఒకటి అడగాలి. బ్లూటూత్ అన్న పేరు మీద రెండు రకాలున్నాయి. పాత రకం ఆర్‌ఎఫ్‌కామ్ దారిన మాట్లాడుతుంది. తక్కువ కరెంటుతో నడిచే లో ఎనర్జీ రకం వేరే పద్ధతిలో మాట్లాడుతుంది. ఒకదానికి రాసిన ప్రోగ్రాము రెండవదానికి పనికిరాదు. "బ్లూటూత్ ఉందండి" అన్న మాటతో సరిపెట్టుకుని డబ్బు కట్టవద్దు. జత చేసేటప్పుడు అడిగే రహస్య అంకె చాలా యంత్రాలలో 1234 గానే వస్తుంది. మార్చే వీలుంటే మార్చండి.

కలిసిన తరువాత

లింకు కుదిరి అంకె వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. ఇక్కడ జరిగే తప్పులకు కంప్యూటరు ఏ సందేశమూ ఇవ్వదు. అందుకే ఇవి ఎక్కువ ప్రమాదం.

బ్లూటూత్ దారిలో అంకె ఒక్క ముక్కగా రానక్కరలేదు. 12.45 అన్నది 12 గా ఒకసారి, .45 గా ఒకసారి రావచ్చు. తొందరపడి మొదటి ముక్కనే తీసుకుంటే దాదాపు అర కిలో పాలు మాయమవుతాయి. వరుస ముగిసిన గుర్తు వచ్చేవరకు ప్రోగ్రాము ఆగాలి. ఇక కాటా సెకనుకు పలుమార్లు అంకె పంపుతుంది. వెనకటి సభ్యుని తూకం దారిలో నిలవ ఉండిపోయి తరువాతి సభ్యుని పేరున పడవచ్చు. దీనికి ఒకటే మందు. పాత్ర దించి కాటా సున్నాకు వచ్చిన తరువాతనే కొత్త సభ్యుని నంబరు తీసుకోవాలి. పరీక్ష యంత్రం నుంచి జవాబు రాకపోతే ప్రోగ్రాము ఆగి అడగాలే గాని, వెన్న సున్నా అని వేసుకోరాదు.

కిలోలు, లీటర్ల సంగతి కూడా చూడండి. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. కాటా కిలోలు పంపుతుంటే ప్రోగ్రాము లీటర్లనుకుంటే, 100 దగ్గర 3 తేడా ప్రతి పూటా మౌనంగా నడుస్తుంది. ధర పట్టిక దేని మీద ఉన్నదో దానికే అన్నీ సరిపోవాలి.

కలిపిన తరువాత వారం రోజులు ఒక పని చేయమని నా సలహా. ప్రతి పూటా అయిదుగురు సభ్యుల అంకెలను యంత్రం తెర మీద చూసి పుస్తకంలో రాయండి. చీటీలతో పోల్చండి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న తూనిక రాయిని కాటా మీద పెట్టి, కంప్యూటరులో పడిన అంకె చూడండి. ఈ పనికి ప్రోగ్రాము రాసినవారిని కాక, పాలు పోసే సభ్యులలో ఇద్దరిని పెట్టండి. రాసినవారికి తమ తప్పు కనపడదు. నా సంగతి కూడా అంతే.

ఇక కాగితాల సంగతి. బయటి లైబ్రరీ ఉచితంగా వచ్చినా దానికి షరతులుంటాయి. ఏ కూర్పు తెచ్చామో ఆ కూర్పుతో వచ్చిన లైసెన్సు చదివి, ప్రోగ్రాముతో పాటే దాచాలి. కొన్ని లైసెన్సుల ప్రకారం, ఆ లైబ్రరీ కలిపిన ప్రోగ్రామును మనకు ఇచ్చినవారు అడిగితే దాని మూలాన్ని కూడా ఇవ్వవలసి ఉంటుంది. బయటి కంపెనీతో ఒప్పందం రాసుకునే సంఘాలు ఈ సంగతిని ముందే మాట్లాడుకోవాలి. కుర్రవాడు ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్ళిపోయినా, కంపెనీ మూతపడినా, మూలం మన బీరువాలో ఉంటే మరొకరు కూర్చుని కట్టగలరు.

నేను చెప్పిన ఆ కేంద్రంలో ఇప్పుడు రెండు ఏర్పాట్లు చేసుకున్నారు. లైనక్స్, ప్రోగ్రాము, లిబ్‌బ్లూటూత్3 అన్నీ వేసి, ఒక పూట నిజంగా నడిపి చూసిన రెండవ కార్డు ఒకటి బీరువాలో ఉంటుంది. నెలకొకసారి దానిని తీసి పెట్టి ఒక పూట నడుపుతారు. రెండవది, లింకు తెగి అంకెను చేత్తో కొట్టవలసి వస్తే చీటీ మీద ఆ అంకె పక్కన నక్షత్రం గుర్తు పడుతుంది. నక్షత్రం పడిన చీటీ తీసుకున్న సభ్యులు అక్కడే నిలబడి, యంత్రం తెరతో సరిచూసుకుని, పుస్తకంలో సంతకం చేసి మరీ వెళ్తున్నారు.